కన్ను మెల్ల.. గురి సూటి

దరఖాస్తుకు ఫొటో కావాలి. స్టూడియోలో తల కొంచెం ఇటు తిప్పమంటారు, మళ్లీ అటు తిప్పమంటారు. నాలుగు క్లిక్కులైనా ఫొటో తీసే అతని మొహంలో ఏదో వెలితి. కారణం ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. ఆయన చెప్పడు, మీరు అడగరు. మీ రెండు కళ్లూ ఒకే వైపు చూడవు. ఇంటర్వ్యూకి వెళ్తే ఎదుటివాళ్లు మీరు తమను చూస్తున్నారో, పక్కవాళ్లను చూస్తున్నారో తెలియక తడబడతారు. వాళ్ల తడబాటు చూసి మీరు తల దించుకుంటారు. ఆత్మవిశ్వాసం లేదని మార్కులు తగ్గిస్తారు. ఇంట్లో చెప్పుకొంటే, మెల్లకన్ను అదృష్టమని ఊరుకోబెడతారు.

మీకు మెల్లకన్ను లేకపోవచ్చు. నత్తి ఉండొచ్చు, మొహం మీద మచ్చ ఉండొచ్చు. మొదటి చూపులోనే ఎదుటివాళ్లకు కనిపించి, మీ సర్టిఫికెట్ల కంటే ముందు మాట్లాడేసే లోపం ఏదైనా కావచ్చు. ఏదైనా సరే, ఇది చదవండి.

ముఖమే పెట్టుబడి అయిన రంగంలోకి, ముఖాన్ని గోడంత చేసి చూపించే రంగంలోకి, మెల్లకన్నుతో వెళ్లిన అమ్మాయి కథ ఇది. పేరు నార్మా షియరర్. 1930లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. మొత్తం ఆరుసార్లు ఆ అవార్డుకు నామినేట్ అయింది. అంతకు పదేళ్ల ముందు, ఆనాటి అమెరికన్ సినిమాలో అందరికంటే పెద్ద దర్శకుడు ఆమె కళ్లలోకి చూసి, సినిమాకు పనికిరావని తేల్చేశాడు. ఆ పదేళ్లలో ఆమె ఏం చేసిందన్నదే మనకు కావాల్సింది.

పియానో అమ్మి రైలెక్కారు

నార్మా 1902 ఆగస్టులో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టింది. తండ్రి ఆండ్రూది నిర్మాణ రంగ వ్యాపారం. ఇంట్లో డబ్బు, పియానో, సంగీతం అన్నీ ఉండేవి. పద్నాలుగేళ్లకు ఊళ్లో అందాల పోటీ గెలిచింది. అప్పటికే నటి కావాలని నిర్ణయించుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజులకు తండ్రి వ్యాపారం కూలిపోయింది. పెద్ద ఇల్లు పోయి చిన్న ఇల్లు వచ్చింది. కొన్నాళ్లకు తల్లి ఈడిత్ భర్తను విడిచి, ఇద్దరు కూతుళ్లను తీసుకుని బయటికి వచ్చేసింది. నార్మా పియానో అమ్మేసి న్యూయార్క్‌కు టికెట్లు కొంది. 1920 జనవరిలో తల్లి, అక్క ఏథోల్, నార్మా ఆ మహానగరంలో దిగారు. చేతిలో ఉన్నది 400 డాలర్లు, ఒక సిఫారసు ఉత్తరం.

అద్దెకు దొరికిన గదిలో ఒక డబుల్ బెడ్, పరుపు లేని ఒక మడత మంచం, ఒకే ఒక్క బర్నరున్న స్టవ్ ఉన్నాయి. బాత్రూం వరండా చివర, అందరికీ కలిపి ఒకటే. అక్కాచెల్లెళ్లు అమ్మ పక్కన పరుపు మీద పడుకోవడానికి వంతులు వేసుకునేవారు. కోచింగ్ కోసం ఊరు వదిలి వెళ్లి, ఇరుకు గదిలో ముగ్గురు నలుగురు సర్దుకునే మీకు ఆ గది ఎలా ఉంటుందో వివరంగా చెప్పక్కర్లేదు.

సిఫారసు ఉత్తరం ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్‌కు రాసింది. బ్రాడ్‌వేలో అందగత్తెలతో భారీ నృత్య ప్రదర్శనలు నడిపేవాడాయన. ఆయన గుమ్మం దాటితే కెరీర్ మొదలైనట్టే. నార్మా దాటలేకపోయింది. కళ్లు మెల్ల అన్నాడు, కాళ్లు పొట్టి అన్నాడు. చాలా మోటు మాటలతో పంపించేశాడు. వాళ్లకు ఆ ఊళ్లో తెలిసిన పెద్ద తలుపు అదొక్కటే.

ఎనిమిదో నంబరు

తర్వాత వాళ్లకు తెలిసిన వార్త, యూనివర్సల్ సినిమా సంస్థకు గుంపు వేషాలకు ఎనిమిది మంది అమ్మాయిలు కావాలని. అక్కాచెల్లెళ్లు వెళ్లేసరికి యాభై మంది ముందే వరసలో ఉన్నారు. ఎంపిక చేసే అసిస్టెంటు ఒకరిని వదిలి ఒకరిని ఏరుకుంటూ వస్తున్నాడు. నార్మా దాకా రాకముందే ఏడుగురు అయిపోయారు. ఇంకా పదడుగుల దూరం ఉంది.

నార్మా గట్టిగా దగ్గింది. అతను దగ్గు వినిపించిన వైపు తిరిగేసరికి మునివేళ్ల మీద నిలబడి సూటిగా నవ్వింది. వేషం వేస్తోందని అతనికి తెలిసిపోయింది. తెలిసి నవ్వేశాడు. ఎనిమిదో స్థానం ఆమెకే ఇచ్చాడు.

ఇది తెలివితేటల కథగా చాలామంది చెబుతారు. మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కొద్దిరోజుల ముందే ఒక పెద్దమనిషి ఆమె కళ్లను ఎగతాళి చేశాడు. అలాంటి మాట పడ్డవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? ఎదుటివాళ్లు తమ మొహం చూడకుండా జాగ్రత్తపడతారు. వెనక బెంచీ వెతుక్కుంటారు, కళ్లద్దాలు నల్లవి పెట్టుకుంటారు, గ్రూప్ ఫొటోలో పక్కకు తప్పుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం తనను చూడమని దగ్గి మరీ పిలిచింది.

గ్రిఫిత్ తీర్పు

ఆ ఏడాదే డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీస్తున్న ‘వే డౌన్ ఈస్ట్’లో గుంపులో నిలబడే వేషం దొరికింది. గ్రిఫిత్ అంటే అప్పట్లో సినిమాకే గురువు లెక్క. నార్మా ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్లి, తనకు నటి కావాలని ఉందని చెప్పుకుంది. ఆర్క్ లైటు వెలుగులో ఆయన ఆమె మొహాన్ని పరీక్షగా చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఒక కన్ను మెల్లగా ఉంది, పైగా మరీ నీలం కళ్లు, దగ్గరి షాట్లలో అవి శూన్యంగా కనిపిస్తాయి, నువ్వు పైకి రాలేవని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన మాటలో ద్వేషం లేదు. సాంకేతికంగా సగం నిజం కూడా ఉంది. ఆ రోజుల్లో వాడే నలుపు తెలుపు ఫిల్ము నీలం రంగును అతిగా పట్టేది, ఎరుపును దాదాపు పట్టేది కాదు. దాంతో నీలి కళ్లు తెర మీద తెల్లగా, గాజు కళ్లలా పడేవి. కనుపాప చుట్టూ రంగు చెరిగిపోతే, కొద్దిపాటి మెల్ల కూడా ఎక్కువగా కనిపిస్తుంది. అంటే గ్రిఫిత్ చెప్పిన రెండు లోపాల్లో ఒకటి ఆమె కంటిది, రెండోది ఆనాటి ఫిల్ముది. ఆయన రెండూ కలిపి ఆమె ఖాతాలోనే రాశాడు.

ఆ సమయానికి నార్మాకు ఈ తేడా తెలియదు. తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది.

డాక్టరు దగ్గరికి

గ్రిఫిత్ మాట విని ఆమె ఊరికి తిరిగి వెళ్లిపోలేదు. ఆయన మాట తప్పని తోసిపారేయనూ లేదు. దాచుకున్న కొద్దిపాటి డబ్బు తీసుకుని విలియం బేట్స్ అనే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లింది. అప్పటికి ఆమెకు పదిహేడు, పద్దెనిమిదేళ్లు. ఈ వయసులో మెల్లకన్నుకు వైద్యమేంటని అనుకోలేదు.

బేట్స్ న్యూయార్క్‌లో పేరున్నవాడే. కళ్లజోడు లేకుండానే చూపు బాగు చేయొచ్చని చెబుతూ 1920లోనే పుస్తకం కూడా అచ్చు వేశాడు. ఆయన నార్మాకు కంటి కండరాల వ్యాయామాలు రాసిచ్చాడు. ఆమె వాటిని రోజూ చేసింది. ఒక నెలో రెండు నెలలో కాదు, ఏళ్ల తరబడి. అద్దం ముందు గంటలు గంటలు కూర్చునేది. కళ్లను అదుపులో పెట్టుకోవడమే కాదు, ఏ కోణంలో తల పెడితే కన్ను సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుందో, ఏ వైపు చూస్తే బయటపడుతుందో ఒక్కొక్కటిగా లెక్క తేల్చుకుంది. తెర మీద చాలాసేపు మెల్ల కనిపించనంత అదుపు సాధించింది. పూర్తిగా పోయిందా అంటే లేదు. ఆమె సినిమాలు జాగ్రత్తగా చూస్తే అక్కడక్కడ కన్ను పక్కకు జరగడం ఇప్పటికీ తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. బేట్స్ సిద్ధాంతాన్ని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. దగ్గరా దూరం కనబడేలా చూపును సర్దేది కంటి లోపలి కటకం కాదు, బయటి కండరాలేనని ఆయన వాదించాడు. అది తప్పు. వ్యాయామాలతో కళ్లజోడు తీసి పారేయొచ్చన్నది కూడా నిలబడలేదు. ఎప్పుడూ పక్కకే ఉండే మెల్లకన్నును వ్యాయామం సూటిగా చేయలేదు. అప్పుడప్పుడు మాత్రమే జరిగే కన్నును అదుపు చేసుకోవడంలో, దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలవని ఇబ్బందిలో కొన్ని కసరత్తులు ఉపయోగపడతాయి. నార్మా మెల్ల స్వల్పమైనది కావడం ఆమెకు కలిసొచ్చింది. కాబట్టి ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది బేట్స్ వ్యాయామాలు కాదు. ఉద్యోగ వేట ఆపకుండానే వైద్యానికి వెళ్లడం. కన్ను బాగయ్యాక వేషాలు అడుగుదామనుకుంటే ఆమెకు ఏ వేషమూ దొరికేది కాదు.

సబ్బు బిళ్ల, చీపురు, టైరు

అద్దె కట్టాలి కదా. నార్మా ప్రకటనలకు మోడల్‌గా పనిచేసింది. బట్టల సబ్బు, టూత్‌పేస్టు, నేల తుడిచే చీపురు, నకిలీ ముత్యాల దండ, కూల్‌డ్రింక్ ఇలా ఏది ఇస్తే అది పట్టుకుని నవ్వింది. కెల్లీ స్ప్రింగ్‌ఫీల్డ్ టైర్ల కంపెనీ ఆమెను టైరు రింగులో కూర్చోబెట్టి, మిస్ లోటా మైల్స్ అని పేరు పెట్టి, రాత్రిళ్లు లైట్లతో వెలిగే పెద్ద హోర్డింగ్ మీద నిలబెట్టింది. కింద వెళ్లే కార్లను చూసి నవ్వే అమ్మాయి అన్నమాట.

నటి అవుదామని వచ్చి టైరులో కూర్చోవడం నామోషీగా అనిపించొచ్చు. కానీ ఆ పని ఆమెకు రెండు ఇచ్చింది. ఒకటి డబ్బు. రెండోది కెమెరా. స్టిల్ ఫొటోగ్రాఫర్ ముందు వందలసార్లు కూర్చుంటే తన మొహం ఏ వెలుగులో ఎలా పడుతుందో ఆమెకు అలవాటైంది. డిగ్రీకి తగ్గ ఉద్యోగం రాలేదని డేటా ఎంట్రీనో, ట్యూషన్లో చెప్పుకుంటున్న మీరు, అక్కడ ఏం నేర్చుకుంటున్నారో కాగితం మీద రాసి చూసుకోండి. రెజ్యూమెలో పెట్టలేనివి కూడా రాయండి.

సాయంత్రాలు థియేటర్లలో చవక టికెట్టు కొని పై బాల్కనీలో కూర్చునేది. పేరున్న నటీమణులు వేదిక మీదికి ఎలా వస్తారో, ఎలా నిలబడతారో చూసి నేర్చుకునేది. 1920లో వచ్చిన ‘ది స్టీలర్స్’ అనే చిన్న సినిమాలో పేరు పడే పాత్ర వచ్చింది. పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ సినిమాను ఒక కుర్రాడు చూశాడు, ఆమెను గుర్తుపెట్టుకున్నాడు. ఆయన పేరు ఇర్వింగ్ థాల్‌బర్గ్. ఆ తర్వాత కొన్నాళ్లకు లూయిస్ బి. మేయర్ సినిమా సంస్థలో ఉపాధ్యక్షుడయ్యాడు.

1923లో ఆ సంస్థ నుంచి కబురొచ్చింది. ఆరు నెలల ఒప్పందం, వారానికి 250 డాలర్లు, నచ్చితే పొడిగింపు, ఒక పెద్ద సినిమాలో నాయిక పాత్రకు స్క్రీన్ టెస్టు. తల్లీ కూతుళ్లు కాలిఫోర్నియా చేరారు. స్టూడియోలో తలుపు తీసి లోపలికి తీసుకెళ్లిన కుర్రాణ్ని నార్మా ఆఫీసు బాయ్ అనుకుంది. అతను వెళ్లి బాసు కుర్చీలో కూర్చున్నాడు. అతనే థాల్‌బర్గ్.

ఒకే కన్ను.. రెండు టెస్టులు

ఇప్పుడు అసలు సంగతి. ఈ కథంతా మర్చిపోయినా ఈ భాగం గుర్తుంచుకోండి.

స్క్రీన్ టెస్టు జరిగింది. అప్పట్లో మొహం మీద ముడతలు, మచ్చలు కనబడకుండా అన్ని వైపుల నుంచీ దండిగా లైట్లు వేసేవారు. నీడ అన్నదే లేకుండా చేసేవారు. అందరికీ అదే పద్ధతి. నార్మాకూ అలాగే వేశారు. రెండు పక్కల నుంచీ పడ్డ వెలుగుకు నీలి కళ్లు తెల్లబోయాయి. ముక్కు నీడ పోయేసరికి ముక్కే లేనట్టయింది. రెండు కళ్ల మధ్య హద్దు చెరిగిపోయి మెల్ల కొట్టొచ్చినట్టు కనిపించింది. తెర మీద తనను తాను చూసుకుని నార్మాకే భయమేసింది. మూడేళ్ల వ్యాయామం, మూడేళ్ల అద్దం అన్నీ వృథా అయినట్టే. మేయర్, థాల్‌బర్గ్ ఆ టెస్టు చూశారు.

మరునాడు ఆమె స్టూడియో వరండాలో వణికిపోతూ నిలబడి ఉంటే ఎర్నెస్ట్ పామర్ అనే కెమెరామన్ చూశాడు. పలకరించాడు. ఆమెలో ఏడుపు కంటే కోపం, కసి ఎక్కువ కనిపించాయి. ఆయన వెళ్లి ఆ టెస్టు వేయించుకుని చూశాడు. తప్పు అమ్మాయిది కాదు, లైట్లు వేసినవాళ్లది అనుకున్నాడు. తానే దగ్గరుండి రెండో టెస్టు తీయించాడు. స్టూడియో పెద్దలు అదే మనిషిని, అదే కంటిని చూసి బాగుందన్నారు.

మనిషి మారలేదు, కన్ను మారలేదు. మారింది వెలుగు పడే తీరు.

మీకు ఎదురయ్యే తిరస్కారాల్లో కూడా ఈ రెండు పాళ్లు ఉంటాయి. కొంత నిజంగా మీ లోపం. దానికి సాధన చేయాలి, వైద్యం చేయించుకోవాలి. ఇంకొంత మిమ్మల్ని పరీక్షించిన పద్ధతి. ఇరుకు గదిలో నెత్తి మీద ట్యూబ్‌లైటు పెట్టుకుని, కిందనుంచి ఫోను కెమెరా పెట్టి ఇచ్చిన వీడియో ఇంటర్వ్యూ మీ అసలు మొహాన్ని చూపించదు. మొదటిదాన్ని రెండోదని సరిపెట్టుకుంటే ఎదగరు. రెండోదాన్ని మొదటిదనుకుంటే కుంగిపోతారు. ఏది ఎంతో తేల్చుకోవడానికి ఒక్కోసారి పామర్ లాంటి పనితెలిసిన మనిషి కావాలి. లెక్చరర్ కావచ్చు, సీనియర్ కావచ్చు. నార్మా వరండాలో దాక్కోకుండా ఆయనకు తన గోడు చెప్పుకుంది. చెప్పుకోవడం కూడా ప్రయత్నంలో భాగమే.

గెలిచాక కూడా తిరస్కారమే

రెండో టెస్టుతో అంతా సుఖాంతమైందా? కాలేదు. సినిమా దర్శకుడు ఆమె మొహం కెమెరాకు నప్పదని పట్టుబట్టి, నాయిక పాత్ర తీసేసి చిన్న పాత్ర ఇచ్చాడు.

తర్వాతి సినిమా ‘ప్లెజర్ మ్యాడ్’. ఇందులో చేయలేకపోతే ఇంటికే అని ఆమెకు అర్థమైపోయింది. కొద్దిరోజులకే ఆ దర్శకుడు మేయర్ దగ్గరికి వెళ్లి, ఈ అమ్మాయి దగ్గర ఏమీ రాబట్టలేకపోతున్నానని ఫిర్యాదు చేశాడు. మేయర్ పిలిపించాడు. మొదట తండ్రిలా మెత్తగా అడిగాడు. దర్శకుడు అరుస్తుంటే భయమేస్తోందని ఆమె చెప్పగానే విరుచుకుపడ్డాడు. పిరికిదానివని, చేతికొచ్చిన అవకాశం నేలపాలు చేసుకుంటున్నావని తిట్టాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది, చేసి చూపిస్తానని ఎదురు చెప్పింది. మేయర్ నవ్వాడు. ఆయనకు కావాల్సింది ఆ మాటే. సెట్‌కు వెళ్లి ఆ రోజు సన్నివేశాన్ని దున్నేసింది. ఎనిమిది నెలల్లో ఆరు సినిమాలు ఇచ్చారు.

అరిచి పని రాబట్టే పద్ధతి మంచిదని కాదు. ఇవాళ్టి ఆఫీసులో అలా అరిస్తే ఫిర్యాదు చేయొచ్చు, చేయాలి కూడా. నార్మా విషయంలో అది పనిచేసింది, అంతే.

1924లో మేయర్ సంస్థ మరో రెండింటితో కలిసి మెట్రో గోల్డ్‌విన్ మేయర్, అంటే ఎం.జి.ఎం. అయింది. ఆ కొత్త సంస్థ మొదటినుంచి చివరిదాకా సొంతంగా తీసిన తొలి సినిమా ‘హీ హూ గెట్స్ స్లాప్డ్’లో లోన్ చానీ, జాన్ గిల్బర్ట్‌ల పక్కన నార్మా నటించింది. సినిమా బాగా ఆడింది. 1925కల్లా ఆమె జీతం వారానికి 1000 డాలర్లు.

సొంత ఖర్చుతో ఫొటోలు

1927 సెప్టెంబరులో నార్మా, థాల్‌బర్గ్ పెళ్లి చేసుకున్నారు. బాసు భార్య కాబట్టే మంచి పాత్రలు దక్కుతున్నాయన్న మాట తోటి నటీమణుల్లో గట్టిగానే వినిపించింది. అందులో నిజం లేదనలేం. థాల్‌బర్గ్ అండ ఆమెకు పెద్ద బలం. అదృష్టం వాటా అదృష్టానికి ఇవ్వాలి. కానీ పెళ్లికి ముందే ఆమె తార అయిందన్నది కూడా నిజమే. పైగా ఒక కీలక సమయంలో ఆ అండే అడ్డమైంది.

మాటల సినిమాలు వచ్చాయి. మూకీ తారలు చాలామంది గొంతు నప్పక తెరమరుగవుతున్న రోజులు. నార్మా 1929లో మొదటి టాకీ చేసి నిలదొక్కుకుంది. తర్వాత ‘ది డివోర్సీ’ అనే కథ మీద మనసు పడింది. భర్త మోసానికి అదే పద్ధతిలో బదులిచ్చే ఆధునిక యువతి పాత్ర. నీలో ఆ ఆకర్షణ లేదు, ఇది నీకు నప్పదు అన్నాడు థాల్‌బర్గ్. అంటే ఈసారి కాదన్నది ఇంట్లో మనిషే.

ఆమె వాదించలేదు. అప్పటికి పెద్దగా పేరులేని జార్జ్ హరెల్ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియోకు వెళ్లి, ఆ పాత్రకు తగ్గ దుస్తుల్లో ఫొటోలు తీయించుకుంది. వెలుగు నీడలతో ఆడుకోవడంలో హరెల్ దిట్ట. పదేళ్లుగా తన మొహం మీద వెలుగు ఎలా పడాలో నేర్చుకున్న నార్మా ఆ చదువంతా అక్కడ వాడుకుంది. ఫొటోలు తెచ్చి భర్త ముందు పెట్టింది. పాత్ర ఆమెకు దక్కింది.

1930 నవంబరులో జరిగిన ఆస్కార్ వేడుకలో ఆ పాత్రకే ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అదే రాత్రి ‘ది బిగ్ హౌస్’ సినిమాకు శబ్దగ్రహణ అవార్డు ఆమె అన్న డగ్లస్ షియరర్ అందుకున్నాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఆస్కార్ గెలవడం అదే తొలిసారి.

ఉద్యోగ వేటలో ఉన్న మీకు ఇక్కడ పనికొచ్చేది ఒకటుంది. నేను చేయగలను అని చెప్పడం వేరు, చేసి చూపించే నమూనా పట్టుకెళ్లడం వేరు. కోడింగ్ వచ్చంటే నమ్మరు, చేసిన ప్రాజెక్టు తెరిచి చూపిస్తే చూస్తారు. అనువాదం వచ్చంటే నమ్మరు, రెండు పేజీలు చేసి ఇస్తే చదువుతారు.

చివరి అధ్యాయం

ఆ తర్వాత ‘ది బారెట్స్ ఆఫ్ వింపోల్ స్ట్రీట్’, ‘రోమియో అండ్ జూలియట్’, ‘మేరీ ఆంటోనెట్’. ఈ మూడింటికీ కెమెరా విలియం డేనియల్స్. ఎవరి మొహానికి ఏ వెలుగు కావాలో తెలిసిన మనిషి. అప్పటికి నార్మాకు తన మొహం గురించి కెమెరామన్‌తో మాట్లాడటానికి మొహమాటం లేదు. ఏది దాచాలో దాచకుండా చెప్పేది.

1936 సెప్టెంబరులో థాల్‌బర్గ్ న్యుమోనియాతో చనిపోయాడు. ఆయనకు 37 ఏళ్లు. ఇద్దరు చిన్న పిల్లలు. అండ పోయింది, ఇక ఆమె పని అయిపోయిందనుకున్నవాళ్లున్నారు. 1938లో ‘మేరీ ఆంటోనెట్’తో ఆరో నామినేషన్ తెచ్చుకుంది. 1942లో తనంతట తానే సినిమాలు మానేసి, మార్టిన్ అరూజ్ అనే స్కీ శిక్షకుణ్ని పెళ్లి చేసుకుంది.

సినిమాలు మానేశాక ఒకసారి కాలిఫోర్నియాలో మంచుకొండల విడిదికి వెళ్లినప్పుడు, అక్కడ పనిచేసే దంపతుల దగ్గర వాళ్లమ్మాయి ఫొటో చూసింది. ఆ ఫొటో అడిగి తీసుకుని సినిమా వాళ్లకు చూపించింది. ఆ అమ్మాయికి ఒప్పందం దొరికింది. తర్వాత ‘సైకో’తో ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న జానెట్ లీ ఆమే. తలుపులు మూయించుకున్న మనిషి ఇంకొకరికి తలుపు తీసింది. నార్మా 1983 జూన్ 12న కన్నుమూసింది.

ఇవాళ మీరైతే..

నార్మా ఎంచుకున్న వైద్యుడి సిద్ధాంతం తప్పని చెప్పుకున్నాం. మీకు ఆ ఇబ్బంది లేదు. ఇవాళ దారులు స్పష్టంగా ఉన్నాయి.

ఒక్కో కంటిని ఆరు కండరాలు కదిలిస్తాయి. వాటి మధ్య, వాటిని నడిపే నరాల మధ్య పొత్తు కుదరకపోతే మెల్ల వస్తుంది. చిన్నప్పుడు వదిలేస్తే పెద్దయ్యాక చేసేదేమీ లేదన్నది అపోహ. కళ్లజోడు, ప్రిజం అద్దాలు, కొన్ని రకాలకు కసరత్తులు, బొటాక్స్ పేరుతో తెలిసిన మందు ఇంజెక్షన్, శస్త్రచికిత్స.. ఏది సరిపోతుందో స్క్వింట్ చూసే కంటి వైద్యులు పరీక్షించి చెబుతారు. శస్త్రచికిత్స కొత్తదేమీ కాదు. బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే సర్జన్ 1839లోనే విజయవంతంగా చేశాడు. కన్ను బయటికి తీస్తారని కొందరు భయపడతారు. అది నిజం కాదు. కంటి గుడ్డు పైన అతుక్కుని ఉన్న కండరాన్ని సడలించడమో, బిగించడమో చేస్తారు. కొందరికి రెండోసారి అవసరం కావచ్చు. ఒక విషయం ముందే తెలుసుకోండి. కన్ను సూటిగా అవ్వడం వేరు, చిన్నప్పటినుంచి వాడక మందగించిన చూపు తిరిగి రావడం వేరు. రెండోది పెద్దయ్యాక కష్టం. డాక్టరును రెండూ విడివిడిగా అడగండి.

పుట్టుకతో లేని మెల్ల ఈ వయసులో హఠాత్తుగా వచ్చినా, ఒక వస్తువు రెండుగా కనిపిస్తున్నా ఒక్కరోజు కూడా ఆగకండి. నరాలకో, మెదడుకో సంబంధించిన సమస్యకు అది సూచన కావచ్చు.

ఉద్యోగాల సంగతికొస్తే, దరఖాస్తుకు ముందే నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణాల భాగం చదవండి. సైన్యం, పోలీసు లాంటి నియామకాల్లో మెల్లకన్ను మీద నిబంధనలు కఠినంగా ఉంటాయి. సివిల్ సర్వీసెస్ వైద్య నిబంధనల్లో, రెండు కళ్లూ కలిసి పనిచేయడం తప్పనిసరైన సాంకేతిక సర్వీసులకు అది అనర్హత. మిగతా సర్వీసుల్లో చూపు నిర్ణీత ప్రమాణంలో ఉంటే మెల్ల ఒక్కటే అడ్డు కాదు. ఇది తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లు ఉంటారు, తెలియక రెండేళ్లు ప్రిపేరై చివర్లో ఆగిపోయేవాళ్లూ ఉంటారు. ఏ జాబితాలోనూ మీరుండొద్దు.

వీడియో ఇంటర్వ్యూ ఉంటే కెమెరాను కంటి ఎత్తులో పెట్టండి. వెలుగు ఎదురుగా, కాస్త ఒక పక్కనుంచి పడనివ్వండి. స్నేహితుడితో రెండు మూడు కోణాల్లో రికార్డు చేయించుకుని చూసుకోండి. ముఖాముఖి ఇంటర్వ్యూలో మీరు ఏ కంటితో చూస్తారో ఆ కన్ను ఎదుటివాళ్ల మీద నిలపండి. అవసరమనిపిస్తే, నా కన్ను కొంచెం పక్కకుంటుంది, నేను మిమ్మల్నే చూస్తున్నానని నవ్వుతూ ఒక్క మాట చెప్పేయండి. వాళ్ల తడబాటు అక్కడితో పోతుంది.

ఈ వారం రెండు పనులు పెట్టుకోండి. కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. పక్కన పెట్టేసిన ఆ దరఖాస్తు కూడా పంపండి. ఒకటి అయ్యాక రెండోది అనుకోవద్దు.